వెడల్పు టైరు, జోరు వాన

మా సిక్కోలులో స్పోర్ట్స్ కారు కనపడిందంటే అది మనూరిది అయ్యుండే ఛాన్స్ తక్కువ, వైజాగ్ నుంచి భువనేశ్వర్ వైపు హైవే మీద పోయేవాళ్లది అయ్యుంటుంది. కానీ ఆ కార్ల టైర్ల మోజు మాత్రం ఇక్కడా బానే ఎక్కింది, మామూలు హ్యాచ్‌బ్యాక్‌కి కూడా పెద్ద అలాయ్ వీల్స్ వేయించి, కంపెనీ ఇచ్చిన దానికన్నా వెడల్పు టైర్లు ఎక్కించి "ఎంత ఎడల్పుంటే అంత గ్రిప్పు బావా" అంటారు. పొడి రోడ్డు మీద ఆ మాట చాలావరకు నిజమే. జోరు వానలో మాత్రం అదే టైరు ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే అప్పుడు అసలు సమస్య రబ్బరు రోడ్డుని ఎంత గట్టిగా పట్టుకుంటుంది అన్నది కాదు, మధ్యలో ఉన్న నీళ్లు టైముకి పక్కకి తప్పుకుంటాయా లేదా అన్నది. మనకి ఇది ఊరికే థియరీ కూడా కాదు, 2014లో హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబర్‌లో పలాసకి దగ్గర్లో తీరం దాటిన తిత్లీ, ఇలా అక్టోబర్ వచ్చిందంటే హైవే మీద నీళ్లు నిలబడటం ఈ జిల్లాలో అందరం చూసిందే.

చిన్న లెక్క వేద్దాం. మనుషులతో కలిపి 1500 కిలోల కారు అనుకోండి, ఒక్కో చక్రం మీద సుమారు 375 కిలోలు పడుతుంది. టైర్లో గాలి 33 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 2.3 కిలోలు. భాగిస్తే టైరు రోడ్డుని తాకే చోటు 160 చదరపు సెంటీమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. గమనించారా, ఈ లెక్కలో టైరు వెడల్పు ఎక్కడా రాలేదు! బరువూ గాలీ మారకపోతే ఆ చోటు వైశాల్యం పెద్దగా మారదు, ఆకారమే మారుతుంది. తాకే వెడల్పు 18 సెంటీమీటర్లయితే పొడవు 9, వెడల్పు 28 అయితే పొడవు 6 కూడా ఉండదు. అంటే వెడల్పు టైరు రోడ్డు మీద అడ్డంగా, పొట్టిగా కూర్చుంటుంది. మలుపుల్లో అది మంచిదే, స్పోర్ట్స్ కార్లకి అందుకే వేస్తారు.

ఇప్పుడు రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీళ్లు పొయ్యండి, స్పీడు 100. గంటకి 100 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. 28 సెంటీమీటర్ల టైరు సెకనుకి సుమారు 23 లీటర్ల నీళ్లు పక్కకి తొయ్యాలి, అంటే మన ఇళ్లకి వచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్ కన్నా ఎక్కువ, సెకను సెకనుకీ, అదీ ఒక్క టైరే. 18 సెంటీమీటర్ల సన్న టైరుకి 15 లీటర్లు చాలు. పైగా సన్న టైరుకి ఆ పని చెయ్యడానికి 3 మిల్లీసెకన్ల పైన టైము దొరుకుతుంది, వెడల్పుదానికి 2 మాత్రమే, మధ్యలో చిక్కుకున్న నీళ్లు అంచుదాకా పోవాల్సిన దూరం కూడా దీనికే ఎక్కువ. పని ఎక్కువ, టైము తక్కువ. టైరు మీద గాడులు ఉన్నది ఇందుకే, నీళ్లకి దారి ఇవ్వడానికి. ఫార్ములా వన్‌లో పూర్తి వాన టైరు ఒక్కోటీ 300 స్పీడులో సెకనుకి 85 లీటర్లు చిమ్ముతుందని అక్కడ టైర్లిచ్చే పిరెల్లి కంపెనీ చెప్తుంది, ఆ చిమ్మిందంతా వెనకాల వచ్చేవాడి ముందు పొగమంచులా లేస్తుంది కాబట్టి టైరు తట్టుకున్నా రేసు ఆపాల్సి రావచ్చు, అది వేరే గొడవ.

నీళ్లు టైముకి పోకపోతే టైరు వాటి మీదకి ఎక్కేస్తుంది. హైడ్రోప్లేనింగ్ అంటారు. దీన్ని బాగా తవ్వింది కార్లవాళ్లు కాదు, విమానాలవాళ్లు. 1960ల్లో అమెరికాలో నాసా లాంగ్లీ సెంటర్‌లో వాల్టర్ హార్న్ అనే ఇంజనీరు బృందం తడి రన్‌వేల మీద విమానాల టైర్లని పరీక్షించి ఒక సింపుల్ సూత్రం తేల్చింది: టైరు గాలి పీఎస్ఐలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే ఎన్ని నాట్ల (విమానాల స్పీడుకి వాడే కొలత) స్పీడులో టైరు తేలుతుందో వస్తుంది. కిలోమీటర్లలో అయితే 16.7తో గుణించండి. 36 పీఎస్ఐకి 100, 25 పీఎస్ఐకి 83. మంచి గాడులున్న కారు టైరు, నీళ్లు మరీ లోతు లేకపోతే, ఇంతకన్నా ఎక్కువే తట్టుకుంటుంది, నున్నగా అరిగిపోయింది తట్టుకోదు, కానీ విషయం ఏ వైపు పోతుందో ఈ సూత్రం చెప్పేస్తుంది. గాలి తగ్గితే ఇంకా ముందే తేలుతుంది. "వానాకాలం కదన్నా, గాలి ఓ అయిదు తగ్గించెయ్, పట్టు బాగుంటాది" అనే సలహా పంచర్ షాపుల దగ్గర ఎన్నిసార్లు వినుంటారో, ఇసకలో దిగబడితే అది పనికొస్తుంది, హైవే మీద నీళ్లలో పూర్తిగా రివర్స్.

ఇలాంటి పరీక్షల్లోనే ఇంకోటి తేలింది, నాకైతే ఇదే ఎక్కువ భయం వేసేది. తిరుగుతున్న టైరు తేలడానికి 9, కానీ నీళ్ల మీద తేలి తిరగడం ఆగిపోయిన టైరు మళ్లీ నేలని అందుకుని తిరగడం మొదలెట్టాలంటే 7.7తో గుణించినంత స్పీడుకి దిగాలి. 36 పీఎస్ఐకి సుమారు 86 కిలోమీటర్లు. అంటే 100 దగ్గర తేలిన కారు 99కి రాగానే బాగుపడిపోదు. కంగారుపడి బ్రేకు తొక్కేస్తే ఏబీఎస్ (బ్రేకు తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉన్నా పెద్దగా ఉపయోగం లేదు, టైరు కింద రోడ్డే లేనప్పుడు అది దేన్ని సర్దుతుంది. కాలు మెల్లగా తీసి స్టీరింగ్ తిన్నగా పట్టుకోవడమే.

అసలు తేలకముందు కూడా తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. పలచని నీటి పొర ఉన్నా రబ్బరు రోడ్డుకి అతుక్కునే గుణం చాలావరకు పోతుంది, మిగిలేది ఏంటంటే రోడ్డులోని రాళ్ల గరుకు మీద రబ్బరు నొక్కుకుని, మళ్లీ నెమ్మదిగా పైకి లేచేటప్పుడు పుట్టే అడ్డు. 1992లో మిషెలిన్ అనే టైర్ల కంపెనీ సిలికా (ఇసకలో ఉండే పదార్థమే) కలిపిన టైర్లు తెచ్చాక అందరూ ఆ దారి పట్టడానికి ఒక కారణం ఈ తడి పట్టే. రేసు ట్రాక్ కోసం చేసిన సెమీ స్లిక్ టైర్లలో గాడులూ తక్కువ, వేడెక్కితేనే పనిచేసే రబ్బరు, వాన దాన్ని చల్లబరిచేస్తుంది. అలాంటివి వేసుకుని వానలో రోడ్డెక్కడం నా దృష్టిలో తిక్క పని.

పోర్షె 911 చూడండి. కరెరా ఎస్‌కి ముందు 245 మిల్లీమీటర్ల టైరు, వెనక 305. ఇంజను వెనక ఉంటుంది కాబట్టి ముందు బరువు తక్కువ. నేరుగా పోయేటప్పుడు ముందు టైరు ఊడ్చిన దారిలోకే వెనకది వస్తుంది, కానీ అది 6 సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పు కాబట్టి ఆ మిగతాదానికి ఎవరూ ఊడవని నీళ్లే తగులుతాయి. 2019 తరం నుంచి ఈ కారులో ముందు చక్రాల గూళ్లలో సెన్సార్లు పెట్టి నీళ్లు చిమ్మే శబ్దం వింటున్నారు, తడి ఎక్కువుంటే డ్రైవర్‌కి చెప్తాయి, అతను వెట్ మోడ్ నొక్కితే యాక్సిలరేటర్ మెత్తబడుతుంది, కారు పక్కకి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ముందే చెయ్యి వేస్తుంది. అయినా కంప్యూటరు నీళ్లని తొయ్యలేదు కదా.

మన దేశంలో కారు టైరుకి గాడి కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని రూలు, గాడుల మధ్యలో చిన్న దిమ్మలు కనిపిస్తాయి, టైరు అక్కడిదాకా అరిగితే అయిపోయినట్టే. కొత్త టైరుకి సాధారణంగా 8 దాకా ఉంటుంది. వాన విషయానికొస్తే 1.6 దాకా ఆగడం నాకు సుతరామూ ఇష్టం లేదు, సగం అరిగినప్పుడే నీళ్లకి దారి సగమైపోయింది.

రెండే కొత్తవి కొంటే ఎక్కడ వెయ్యాలి? చాలా షాపుల్లో ముందుకి వేసేస్తారు, ఇంజను తిప్పేవి ముందు చక్రాలే కదా అని. వెనక వెయ్యడమే కరెక్టు. ముందువి జారితే కారు తిన్నగా పోతుంది, కాలు తీస్తే మళ్లీ దొరుకుతుంది. వెనకవి జారితే తోక ముందుకొచ్చేస్తుంది, దాన్ని సరిచెయ్యడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. స్పోర్ట్స్ కారుకైతే చాలాసార్లు ఈ వాదనే రాదు, వెనక సైజు వేరు, ముందుకి ఎక్కదు, పవరంతా వెనక్కే పోయే కారుకి అవే ముందు అరిగిపోతాయి కూడా.