ఇంట్లో బైక్ సర్వీసింగ్: ఏ ఆయిల్ ఎక్కడ పోయాలి? అపోహలు - వాస్తవాలు

ఇంజిన్ ఆయిల్ మార్చడం ఇంట్లో చేసుకోదగిన పనే. సరైన స్పానర్, పాత ఆయిల్ పట్టడానికి ఒక వెడల్పాటి పళ్లెం, కొత్త వాషర్, కాస్త ఓపిక ఉంటే చాలు. అయితే పని ఎంత శుభ్రంగా చేసినా, ఎంచుకున్న ఆయిల్ ఆ బండికి తగనిదైతే శ్రమంతా వృథా అవుతుంది. బండ్లు బాగుచేసే వృత్తిలో ఉన్న నాకు తరచుగా వినిపించే కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: కారుకు పోసే ఖరీదైన ఆయిల్ బైకుకు ఇంకా మంచిది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. మాన్యువల్ గేర్ల కారులో క్లచ్ పొడిగా ఉంటుంది, గేర్ బాక్సుకు వేరే ఆయిల్ ఉంటుంది. మన రోడ్లపై తిరిగే మోటార్ సైకిళ్లలో దాదాపు అన్నింటిలోనూ ఇంజిన్‌లో తిరిగే ఆయిలే క్లచ్ ప్లేట్లను తడుపుతుంది, గేర్ల పళ్ల మధ్య కూడా అదే నలుగుతుంది. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్లలో ఇంజిన్‌కూ గేర్ బాక్సుకూ వేర్వేరు ఏర్పాట్లు ఉండేవి గానీ, తర్వాత వచ్చిన యూసీఈ (ఇంజిన్, గేర్ బాక్సు ఒకే పెట్టెలో ఉండే) ఇంజిన్లతో వాటిలోనూ అన్నిటికీ ఒకే ఆయిల్ అయింది. మైలేజీ పెంచడానికి చాలా కారు ఆయిళ్లలో రాపిడిని తగ్గించే రసాయనాలు కలుపుతారు. క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి కావలసింది ఆ రాపిడే కనుక, అది తగ్గినప్పుడు క్లచ్ జారుతుంది. టాప్ గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోవడం దీని మొదటి లక్షణం.

ఈ చిక్కును తప్పించడానికే జపాన్‌లో 1998లో నాలుగు స్ట్రోకుల ద్విచక్ర వాహనాల ఆయిళ్ల కోసం జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ప్రమాణాన్ని తెచ్చారు. తడి క్లచ్ ఉన్న బైకుకు డబ్బాపై ఎంఏ, ఎంఏ1, ఎంఏ2లలో బండితో ఇచ్చే మాన్యువల్ పుస్తకం కోరినది ఉండాలి. వీటిలో ఎంఏ2కు పట్టు ఎక్కువ. గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ ఆయిల్‌కు దూరంగా పొడిగా ఉంటుంది కనుక వాటికి రాపిడి తక్కువగా ఉండే ఎంబీ రకం సరిపోతుంది, కానీ అదే ఎంబీ డబ్బాను పక్కనే ఉన్న బైకులో పోయకూడదు. ఇంట్లో స్కూటర్, బైక్ రెండూ ఉన్నవారు ఈ తేడాను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. డబ్బాపై ఉండే గుండ్రటి ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ముద్ర అంచున ‘ఎనర్జీ కన్సర్వింగ్’ లేదా ‘రిసోర్స్ కన్సర్వింగ్’ అని కనిపిస్తే ఆ ఆయిల్‌ను బైకుకు కొనకపోవడమే క్షేమం.

అపోహ: మన ఎండలకు చిక్కటి ఆయిలే కావాలి, అందువల్ల ఏ బండికైనా 20డబ్ల్యూ-50 పోయాలి.

వాస్తవం: 10డబ్ల్యూ-30లో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా కదులుతుందో చెబుతుంది, రెండోది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలిచిన చిక్కదనాన్ని సూచిస్తుంది. అంటే రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండ కాసినా, ఆ రెండో అంకెను నిర్ణయించింది అంతకంటే ఎంతో ఎక్కువ వేడి దగ్గర. ఎండ ప్రభావం అసలే లేదని నేను అనను. గాలితో చల్లబడే ఇంజిన్ వేసవి ట్రాఫిక్‌లో మరింత వేడెక్కుతుంది. అయితే ఇక్కడ అమ్మే బండికి కంపెనీ ఆయిల్ గ్రేడును నిర్ణయించేటప్పుడు ఇక్కడి వేసవిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. సన్నటి ఆయిల్‌కు తగినట్టు తయారైన ఇంజిన్‌లో చిక్కటిది పోస్తే, ఉదయం స్టార్ట్ చేసినప్పుడు అది పైనున్న క్యామ్ (వాల్వులను తెరిచే భాగం) దాకా చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. మాన్యువల్‌లో వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడులు ఇచ్చి ఉంటే వాటిలోంచి ఎంచుకోవచ్చు.

అపోహ: ఆయిల్ నల్లబడితే చెడిపోయినట్టే.

వాస్తవం: మసిని తనలో కలుపుకొని మోయడం ఆయిల్ చేయవలసిన పనుల్లో ఒకటి. నల్లబడినంత మాత్రాన గడువుకు ముందే మార్చనక్కరలేదు. పాలలా తెల్లబడితే మాత్రం నీరు చేరిందని అర్థం, వెంటనే కారణం వెతకాలి. కొత్త ఆయిల్ ఎర్రగా ఉందా, పచ్చగా ఉందా అన్నదానికి నాణ్యతతో సంబంధం లేదు.

సింథటిక్ (రసాయన ప్రక్రియతో తయారైన) ఆయిల్ పోసిన బండికి మళ్లీ మినరల్ (ముడి చమురును శుద్ధి చేసి తీసిన) ఆయిల్ పోయకూడదన్న మాట కూడా నిజం కాదు. గ్రేడు, జాసో, ఏపీఐ గుర్తులు మాన్యువల్‌తో సరిపోతే రెండూ వాడుకోవచ్చు. ఖరీదైన సింథటిక్ పోశామన్న ధైర్యంతో మార్చే గడువును ఇష్టం వచ్చినట్టు పొడిగించడం మాత్రం సరికాదు.

అపోహ: లీటరు డబ్బా కొన్నాం కాబట్టి లీటరూ పోసేయాలి.

వాస్తవం: మాన్యువల్‌లో సాధారణంగా రెండు కొలతలు ఉంటాయి. ఇంజిన్ పూర్తిగా విప్పి బిగించినప్పుడు పట్టేది ఒకటి, ఆయిల్ మార్చినప్పుడు పట్టేది మరొకటి. రెండోది తక్కువ, మనకు కావలసింది అదే. ఎక్కువైతే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) దాన్ని చిలికి నురుగు చేస్తుంది, కొంత ఆయిల్ ఎయిర్ ఫిల్టర్ వైపు తన్నుకొస్తుంది. కొలత చూసేటప్పుడు బండి సమతలంపై నిటారుగా ఉండాలి. ఇంజిన్ కొద్ది నిమిషాలు తిప్పి, ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి చూడాలి. డిప్‌స్టిక్‌ను మర బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది.

పాత ఆయిల్ తీశాక కిరోసిన్ పోసి ఇంజిన్ తిప్పి కడిగే అలవాటును దయచేసి మానండి. కిరోసిన్‌కు బేరింగులను కాపాడే పొర నిలబెట్టే శక్తి లేదు. మూలల్లో మిగిలినది కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది.

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గితే చేతికి దొరికిన ఏ ఆయిలైనా పోయవచ్చు.

వాస్తవం: ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. డిస్క్ బ్రేకులో ఇంజిన్ ఆయిల్ పడితే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకు పనిచేయకుండా పోతుంది. మాస్టర్ సిలిండర్ (బ్రేకు ద్రవం పోసే చోటు) మూతపై డాట్ 3 అనో డాట్ 4 అనో ద్రవం రకం రాసి ఉంటుంది, అదే కొత్తగా సీలు తీసిన డబ్బాలోంచి పోయాలి. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 మరిగే స్థానం కనీసం 230 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టాక దానికి ఉంచిన కనీస హద్దు 155 డిగ్రీలే. కొండ దారిలో వరుసగా బ్రేకులు వేస్తూ దిగేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది. సిలికాన్‌తో చేసే డాట్ 5ను వీటితో ఎన్నడూ కలపకూడదు.

అపోహ: తీసిన పాత ఇంజిన్ ఆయిల్ చైనుకు బాగా పనికొస్తుంది.

వాస్తవం: అందులో మసి, లోహపు రజను ఉంటాయి. అవి చైను లింకులను, స్ప్రాకెట్ పళ్లను అరగదీస్తాయి. చైన్ లూబ్ గానీ, మాన్యువల్ అనుమతిస్తే 90 గ్రేడు గేర్ ఆయిల్ గానీ పలచగా రాసి, మిగులును తుడిచేయాలి, లేకుంటే అది ఎగిరి వెనక టైరు మీద పడుతుంది. ఓ-రింగులు (లింకుల్లో గ్రీజును పట్టి ఉంచే రబ్బరు వలయాలు) ఉన్న చైనును పెట్రోలుతో కడగకూడదు. పాత ఆయిల్‌ను కాలువలోనో, మట్టిలోనో పారబోయకుండా, చర్మానికి తగలకుండా మూత ఉన్న డబ్బాలోకి ఎత్తి, వాడిన ఆయిల్‌ను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే సర్వీస్ సెంటరులో అప్పగించాలి. 2016 నాటి కేంద్ర నిబంధనలు దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే పరిగణిస్తున్నాయి.