పళ్లెం చప్పుడుకు తల తిప్పిన పాప

పసిబిడ్డకు వినిపిస్తోందో లేదో తేల్చడానికి మన ఇళ్లలో ఒక పాత పద్ధతి ఉంది. వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో ఠంగుమని కొడతారు. బిడ్డ తల తిప్పగానే అమ్మమ్మ ఊపిరి పీల్చుకుంటుంది. ఎందుకు తిప్పిందో ఎవరూ ఆలోచించరు. గోడ మీద నీడ కదిలి ఉండవచ్చు, మంచం అదిరి ఉండవచ్చు, ఎదురుగా ఉన్న తల్లి ముఖం మారి ఉండవచ్చు. పైగా పళ్లెం మోత పెద్దది. ఒక మోస్తరు లోపమున్న బిడ్డకూ అది వినిపిస్తుంది. వినిపించనివి ‘స’, ‘త’, ‘క’ లాంటి సన్నని ధ్వనులు. మాట నేర్వాలంటే అవి వినబడాలి.

‘ఉంగా’ది మరో మోసం. నాలుగు నెలల బిడ్డ ఉంగా ఉంగా అంటుంటే చెవుడని ఎవరు అనుకుంటారు? పుట్టు చెవుడున్న బిడ్డలూ ఉంగా అంటారు. వినగలిగే పిల్లలు ఏడెనిమిది నెలలకు ‘బబబ’, ‘తాతాతా’ అని పేర్చడం మొదలుపెడతారు. తమ గొంతు తమకు వినబడని పిల్లలు ఆ మెట్టు దగ్గర ఆగిపోతారు. అసలు తేడా అక్కడ బయటపడుతుంది.

పసితనంలోనే చెవుడును పట్టుకోవడానికి 1978లో లండన్‌లో ఒక దారి దొరికింది. చెవిలోకి టిక్కుమనే చిన్న శబ్దం పంపితే, కొన్ని మిల్లీసెకన్ల తర్వాత లోపలి నుంచి సన్నని ప్రతిధ్వని రావడాన్ని శాస్త్రవేత్త డేవిడ్ కెంప్ గమనించాడు. చెవి వినడమే కాదు, బదులు పలుకుతుంది కూడా! నత్తగుల్ల ఆకారంలో ఉండే లోపలి చెవిలో కొన్ని రోమకణాలు శబ్దానికి సాగి ముడుచుకుంటాయి. ఆ కదలికే శబ్దమై వెనక్కి వస్తుంది. ఓఏఈ (ఓటోఅకౌస్టిక్ ఎమిషన్స్) పరీక్ష పట్టుకునేది దాన్నే. నిద్రపోతున్న బిడ్డ చెవిలో మెత్తని రబ్బరు మొన పెడతారు. సూది లేదు, మందు లేదు. నిమిషాల్లో తెర మీద ‘పాస్’ అనో ‘రిఫర్’ అనో వస్తుంది.

రిఫర్ అంటే చెవుడని కాదు. పుట్టిన మొదటి రోజుల్లో చెవి రంధ్రంలో జిగురు మిగిలి ఉంటే మంచి చెవి కూడా రిఫర్ అవుతుంది. అందుకే మళ్లీ రమ్మంటారు. మన దగ్గర చిక్కు సరిగ్గా అక్కడే. పురుడు పుట్టింటి ఊళ్లో, కాపురం మరో ఊళ్లో, ఆ కాగితం పెట్టె అడుగున.

పాస్ అయితే నిశ్చింత అనుకోవడానికీ లేదు. ఓఏఈ చెవినే చూస్తుంది, చెవి నుంచి మెదడుకు వెళ్లే నాడిని చూడదు. నెలలు నిండక పుట్టిన పిల్లల్లో, పచ్చకామెర్లు ముదిరిన పిల్లల్లో కొందరికి చెవి బదులు పలుకుతుంది గానీ కబురు మెదడుకు సరిగా చేరదు. వాళ్లకు తల మీద ఎలక్ట్రోడ్లు అతికించి చేసే బెరా పరీక్ష కావాలి.

ఇంత తొందరెందుకు? అమెరికాలోని కొలరాడోలో 150 మంది పిల్లలను పరిశీలించి 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరు నెలల లోపు లోపం బయటపడి సాయం అందిన పిల్లల భాష, ఆలస్యంగా బయటపడినవారి కంటే స్పష్టంగా మెరుగ్గా ఉంది. లోపం స్వల్పమైనా తీవ్రమైనా ఆ తేడా కనిపించింది. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స అన్నది ఇప్పుడు వైద్యులు చెప్పే లెక్క.

మనకు మేనరికాల సంగతి ఒకటుంది. పుట్టు చెవుడు తెచ్చే జన్యువుల్లో చాలావరకు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ చెడ్డవే వస్తేనే పని చెడగొడతాయి. మేనమామను పెళ్లాడిన ఇంట్లో ఆ అవకాశం పెరుగుతుంది. అక్కడ ‘మా వంశంలో ఎవరికీ లేదు’ అన్న మాట చెల్లదు.

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో వినికిడి లోపాన్నీ, మాటల ఆలస్యాన్నీ కూడా చూడాలి. అయినా రెండేళ్లు దాటి ‘అమ్మా దా’, ‘పాలు కావాలి’ అని రెండు మాటలు కలపని పిల్లాడికి వసకొమ్ము అరగదీసి నాకించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయంటూ మరో ఏడాది గడిపేస్తారు. కారణం చెవి కాక ఆటిజమో, భాషకే సంబంధించిన ఇబ్బందో కావచ్చు. ఏదైనా సరే, మాటల చికిత్సకు తీసుకువెళితే మొదట అడిగేది చెవి పరీక్ష కాగితం. పెట్టె అడుగున వెతకాల్సింది అప్పుడే.