పొయ్యి దగ్గర ఫోన్ మోగుతుందా? ఇంటి వ్యాపారానికి ఫోన్, నెట్‌వర్క్: అపోహలు - వాస్తవాలు

రావులపాలెంలో సెల్ షాపు పెట్టి 14 ఏళ్లయింది. సిమ్ములు, రీచార్జీలు, ఫోన్లు, చిన్నాచితకా రిపేర్లు. వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లోనే ఏదో ఒకటి చేసి అమ్ముకునేవాళ్లు. ఆత్రేయపురం వైపు నుంచి పూతరేకులు చుట్టే ఆడవాళ్లు, పచ్చళ్లు పట్టేవాళ్లు, జాకెట్లు కుట్టేవాళ్లు, పాలు పోసేవాళ్లు. అందరూ ముందు అడిగేది "మంచి ఫోన్ ఏదండీ?" అనే. నెట్‌వర్క్ గురించి అడిగేది ఫోన్ కొన్న పది రోజులకి, కోపంగా.

నా తప్పు ఒకటి ముందే చెప్పేస్తాను. పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అన్న ముద్ర, వచ్చింది కదా, ఆ తర్వాత ఒక అక్క ఫోన్ ఆర్డర్లు పెరిగాయని 18 వేలు పెట్టి మా దగ్గర 5జీ ఫోన్ కొంది. దీపావళి ముందు వారం మళ్లీ వచ్చింది. "తమ్ముడూ, చేసినోళ్లందరూ నా ఫోన్ కలవట్లేదంటున్నారు. నేనెప్పుడూ ఆపలేదు కదా!" ఫోన్ చూస్తే శుభ్రంగా ఉంది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద సిగ్నల్ నిండుగా ఉంది. రేకులు తీసే కుండ మాత్రం పెరట్లో ఇనప రేకుల షెడ్డులో ఉంది, చుట్టూ అరటి తోట. తెల్లారి ఐదింటి నుంచి పదకొండు దాకా ఆవిడ ఉండేది అక్కడే. షెడ్డులో అడుగుపెట్టగానే సిగ్నల్ ఒక్క గీతకి పడిపోయింది. అమ్మేటప్పుడు "పని ఎక్కడ చేస్తావక్కా?" అని ఒక్క మాట అడగలేదు నేను.

అపోహ: "ఊళ్లోనే టవర్ ఉంది, సిగ్నల్‌కి లోటేముంది?"

ఆ టవర్ ఎవరిదో ముందు తెలియాలి. టవర్ కట్టే కంపెనీలు వేరు, దాని మీద యాంటెన్నాలు పెట్టుకునే మొబైల్ కంపెనీలు వేరు. మీ సిమ్ కంపెనీ దాని మీద లేకపోతే ఆ టవర్ మీ ఇంటి మీద నీడ పడేంత దగ్గరున్నా ఒకటే. మీ కంపెనీ దాని మీద ఉన్నా సరే, యాంటెన్నాలు కొన్ని దిక్కులకి తిప్పి ఉంటాయి. సరిగ్గా టవర్ కిందున్న ఇంటి కంటే అర కిలోమీటరు అవతలి ఇంట్లో బాగా వచ్చిన సందర్భాలు నేను చూశాను. ఇనప రేకులు సిగ్నల్‌ని దాదాపు మూసేస్తాయి. శ్లాబు కూడా చాలా తినేస్తుంది. వాన పడి ఆకులు తడిస్తే తోటల్లో ఇంకాస్త తగ్గుతుంది.

అందుకే నెట్‌వర్క్‌ని పొయ్యి దగ్గరో, కుట్టుమిషను దగ్గరో నిలబడి ఎంచుకోవాలి. పద్ధతి సులువు. ఇరుగుపొరుగుల్లో ఒక్కో కంపెనీ సిమ్ ఉన్నవాళ్లని ఒక అరగంట పిలవండి. మీరు పనిచేసే చోటే నిలబడి ఒక్కో ఫోన్ నుంచి రెండు నిమిషాలు మాట్లాడండి. ఒక చిన్న వీడియో వాట్సాప్‌లో పంపి ఎంతసేపు పట్టిందో చూడండి. మీరు ఫొటోలు, వీడియోలు పంపేవాళ్లు కాబట్టి డౌన్‌లోడ్ కంటే అప్‌లోడే ముఖ్యం. ఇదే పని రాత్రి ఎనిమిదింటికి, ఊరంతా ఫోన్లలో ఉన్నప్పుడు, ఇంకోసారి చెయ్యండి. పొద్దున పరుగెత్తిన నెట్ అప్పుడు నత్తలా నడవచ్చు.

తెర మీద గీతల్ని నమ్మకండి, ఒక్కో ఫోన్ కంపెనీ వాటిని ఒక్కోలా లెక్కేస్తుంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో 'ఫోన్ గురించి' అనే చోట సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. మైనస్ 90 దగ్గరుంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే తిప్పలే. ఆ అక్క షెడ్డులో మైనస్ 117 చూపించింది.

అపోహ: "5జీ ఫోన్ కొంటే సిగ్నల్ బాగా అందుతుంది."

5జీ అంటే వేగం. దూరానికి, గోడలు దాటడానికి పనికొచ్చేది తక్కువ ఫ్రీక్వెన్సీ. 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు ఎక్కువ దూరం పోతాయి, గోడల్ని కూడా బాగానే దాటుతాయి. జియో, ఎయిర్‌టెల్ 5జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ తొందరగా నీరసపడుతుంది. జియోకి 700లో కూడా 5జీ ఉంది కానీ అది మీ చోట అందుతుందా లేదా అన్నది పైన చెప్పిన పరీక్షే చెప్పాలి. 5జీ వస్తూ పోతూ ఉండే చోట ఫోన్ దానికోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది. అలాంటి ఇళ్లలో నేను సెట్టింగ్స్‌లో 4జీకి మార్చేస్తాను. ఆర్డర్లకి, యూపీఐకి అది ఎక్కువే.

ఇందులోనే ఇంకో చిక్కుంది. ప్రతి ఫోన్ ప్రతి బ్యాండునీ, అంటే ప్రతి ఫ్రీక్వెన్సీ వరుసనీ, పట్టుకోదు. బీఎస్ఎన్ఎల్ 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తుంది. పాత ఫోన్లు కొన్నిటికి ఆ 700, అంటే బ్యాండ్ 28, లేదు. సిమ్ వేసి "4జీ రావట్లేదు" అని కంపెనీని తిట్టుకుంటారు. జియోకి అసలు 2జీ, 3జీ లేవు, అందుకే వోల్టీ (4జీ మీదే మాట్లాడే సౌకర్యం) లేని పాత బటన్ ఫోన్‌లో ఆ సిమ్ వేసినా కాల్ వెళ్లదు. కాబట్టి ముందు నెట్‌వర్క్ తేల్చుకుని, దాని బ్యాండులున్న ఫోన్ వెతకాలి. జనం చేసేది తిరగేసి.

అపోహ: "రెండు సిమ్ములున్నాయి, ఏదో ఒకటి పలుకుతుందిలే."

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా ఏరియాలో కరెంటు పోయింది. టవర్‌కి బ్యాటరీలుంటాయి, అవి అయిపోతే డీజిల్ జనరేటర్ మీద నడవాలి, డీజిల్ ఎవరైనా తెచ్చి పొయ్యాలి. మా దగ్గర రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు తీసుకున్నవాళ్లు కొందరు తెల్లారేసరికి రెండూ పోయాయని వచ్చారు. ఆ రెండు కంపెనీలూ ఒకే టవర్ మీద ఉన్నాయి మరి! రెండో సిమ్ తీసుకునేటప్పుడు మీ ఇంటికి దాని సిగ్నల్ ఏ వైపు టవర్ నుంచి వస్తోందో కనుక్కోండి. మొదటిదాని కంటే కాస్త బలహీనంగా ఉన్నా పర్వాలేదు, టవర్ వేరైతే చాలు.

మామూలు రోజుల్లో కూడా ఒక చిక్కుంది. చాలా ఫోన్లలో ఒక సిమ్ మీద మాట్లాడుతుంటే రెండోది పడుకుంటుంది. దానికి చేసినవాళ్లకి మీరు అందుబాటులో లేరని వినిపిస్తుంది. కాల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ ఉంటుంది, అందులో "అందుబాటులో లేనప్పుడు" అన్నదాని దగ్గర ఒక నంబరుకి రెండో నంబరు ఇవ్వండి, రెండోదానికి మొదటిది. ఐదు నిమిషాల పని. నా షాపులో దీనికి డబ్బులు తీసుకోను, టీ ఇప్పిస్తే వద్దనను. మెమరీ కార్డు వేసుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి, కొన్ని ఫోన్లలో రెండో సిమ్‌కి, కార్డుకి కలిపి ఒకటే చోటు.

అపోహ: "నెట్‌వర్క్ మారిస్తే నంబరు పోతుంది."

పోదు. దేశమంతటా 2011 జనవరి నుంచి ఈ సౌకర్యం ఉంది. పోర్ట్ అని ఇంగ్లిష్‌లో రాసి, ఖాళీ వదిలి, మీ నంబరు వేసి 1900కి మెసేజ్ పంపితే కొత్త కంపెనీకి చూపించాల్సిన ఒక కోడ్ వస్తుంది. మన దగ్గర అది నాలుగు రోజులు చెల్లుతుంది. ఆంధ్రా, తెలంగాణ రెండూ ఒకే టెలికాం సర్కిల్ కాబట్టి హైదరాబాద్‌లో తీసుకున్న సిమ్ అయినా ఇక్కడ మూడు పనిదినాల్లో మారుతుంది. ఉన్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. సిమ్ పోయి డూప్లికేట్ తీసుకుంటే వారం దాకా మార్చనివ్వరు.

అయితే సంక్రాంతి ముందు మాత్రం ఈ పని పెట్టుకోకండి. మారే రోజు కొన్ని గంటలు ఫోన్ మూగబోతుంది, కొత్త సిమ్ వేశాక యూపీఐ యాప్ నంబరు మళ్లీ వెరిఫై చేయమంటుంది. డూప్లికేట్ సిమ్ అయితే 24 గంటలు మెసేజ్‌లు రావు, అంటే ఓటీపీలు కూడా రావు. ఆర్డర్ల మధ్యలో ఆ టెన్షన్ ఎందుకు?

అపోహ: "వ్యాపారం నంబరుకి రీచార్జి లేకపోయినా వాట్సాప్ నడుస్తోంది కదా."

నడుస్తుంది, నంబరు మీ చేతిలో ఉన్నంతకాలం. 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు, కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. డబ్బాల మీద అచ్చేయించిన నంబరు, బ్యాంకుకి ఇచ్చిన నంబరు అలా పోతే వచ్చే నష్టం ముందు ఫోన్ పోవడం ఏపాటి? డేటా అక్కర్లేని నంబరుకి కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు అడగండి. 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక కంపెనీలు అవి తెచ్చాయి. షాపువాళ్లు తమంతట చెప్పరు. నాతో సహా.

ఇంకొక్కటి, సిమ్ మీ పేరు మీదే ఉండాలి. అల్లుడి ఆధార్ మీద, పక్కింటి కుర్రాడి పేరు మీద తీసుకున్నవి పోయినప్పుడు డూప్లికేట్‌కి అతన్నే తీసుకురావాలి. అతను దుబాయ్‌లో ఉంటాడు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. 108 మెగాపిక్సెళ్లకి మోజుపడక్కర్లేదు, పూతరేకుల పళ్లేన్ని కిటికీ వెలుగులో పెట్టి తీస్తే 12 వేల ఫోనైనా నెయ్యి మెరుపు పట్టుకుంటుంది. ర్యామ్ "8 ప్లస్ 8" అని రాసుంటే రెండో ఎనిమిది స్టోరేజీలోంచి అరువు తెచ్చిందే, లెక్కలోకి తీసుకోకండి. స్టోరేజీ మాత్రం 128 జీబీకి తగ్గకండి. ఆన్‌లైన్‌లో అమ్మే సిగ్నల్ బూస్టర్ల జోలికి పోకండి, లైసెన్సు లేకుండా వాడడం మన దేశంలో నేరం, పైగా చుట్టుపక్కల ఇళ్ల సిగ్నల్ చెడగొడతాయి. సెకండ్‌హ్యాండ్ ఫోన్ అయితే *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు (ఫోన్ గుర్తింపు సంఖ్య) చూసి, ప్రభుత్వ సైట్ సంచార్ సాథీలో సరిచూశాకే డబ్బులివ్వండి.

ఆ అక్క సంగతి ఏమైందంటే, ఆవిడ 5జీ ఫోన్ ఇంట్లోనే ఉంది, ఫొటోలకి, లెక్కలకి. షెడ్డులో బాగా అందే కంపెనీ ఏదో అరగంటలో తేల్చి, వ్యాపారం నంబరుని దానికి మార్చి, 4జీ కీప్యాడ్ ఫోన్‌లో వేసిచ్చాను. పిండి చేతులతో, నెయ్యి చేతులతో తెర గీకితే ఏ ఫోనూ పలకదు కదా. మోచేత్తో బటన్ నొక్కి, స్పీకర్ పెట్టి, కుండ మీద గుడ్డ లాగుతూనే ఆర్డర్ రాయించుకుంటోంది.