ఆవిరి పడవ నుంచి ఉపగ్రహ ఇంటర్నెట్ దాకా: ఆఫ్రికా మిషన్ల వెనుక కథ

జాంబియా దక్షిణ ప్రాంతంలో మాచా అనే పల్లె ఉంది. దగ్గరి పట్నం చోమా, సుమారు 70 కిలోమీటర్లు. అక్కడి టోంగా తెగ రైతుల ఇళ్లు ఒకచోట గుంపుగా ఉండవు, పొలాల మధ్య విడివిడిగా ఉంటాయి. అలా చుట్టుపక్కల లక్షా ముప్పై వేల మందికి పైగా బతుకుతున్నారు. టెలిఫోన్ తీగ వేయడానికే ఎవరూ ముందుకు రాని ఇలాంటి చోట 2000ల మధ్యలోనే ఉపగ్రహ ఇంటర్నెట్ పనిచేయడం మొదలైంది. దాన్ని తెచ్చింది అక్కడి మిషన్ ఆసుపత్రి చుట్టూ పనిచేస్తున్న మనుషులు.

చర్చి సంస్థలు కంప్యూటర్లు, సోలార్ ప్యానెళ్లు పట్టుకుని ఆఫ్రికా పల్లెలకు వెళ్తున్నాయంటే ఇదేదో కొత్త పని అనిపిస్తుంది. నిజానికి దీని వెనుక దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: యంత్రం వచ్చాక అది ఎవరి చేతిలో ఉంటుంది?

మొదట వచ్చింది అచ్చుయంత్రం. రాబర్ట్ మొఫాట్ అనే మిషనరీ 1831లో దాన్ని ఇప్పటి దక్షిణాఫ్రికాలోని కురుమాన్‌కు చేర్చాడు. సెట్స్‌వానా భాషలో బైబిల్ మొత్తం 1857 నాటికి అక్కడే అచ్చయింది. మత ప్రచారం కోసం తెచ్చిన యంత్రమే అయినా, ఒక భాషకు రాతరూపం స్థిరపడటంలో దాని పాత్ర పెద్దది.

తర్వాతిది ఆవిరి పడవ. స్కాట్లాండ్ మిషనరీలు 1875లో 'ఇలాలా' అనే పడవను ఇప్పటి మలావీకి తెచ్చారు. షిరే నదిలో మర్చిసన్ జలపాతాలు అడ్డు వచ్చాయి. పడవను ముక్కలుగా విప్పారు. వందల మంది ఆఫ్రికన్ కూలీలు ఆ ఇనుప రేకుల్నీ బాయిలర్ భాగాల్నీ కొండదారిలో మోసుకెళ్తే, పైన మళ్లీ బిగించారు. ఆ ఏడాది అక్టోబరులో మలావీ సరస్సులో ప్రవేశించిన మొదటి ఆవిరి నౌక అదే. చరిత్ర పుస్తకాల్లో కెప్టెన్ పేరు ఉంటుంది. మోసినవాళ్ల పేర్లు దాదాపుగా లేవు. ఇది నాకు చిన్న విషయంగా తోచదు.

ఆ బృందంలోని డాక్టర్ రాబర్ట్ లాస్ యాభై ఏళ్లకు పైగా అక్కడే ఉండిపోయాడు. మలేరియా చావుల వల్ల మిషన్ సరస్సు ఒడ్డున ఉన్న కేప్ మెక్లియర్ వదిలి బండావేకు, ఆ తర్వాత 1894లో ఖోండోవే పీఠభూమికి మారింది. అక్కడ వెలసిన లివింగ్‌స్టోనియా కేంద్రంలో వడ్రంగం, తాపీపని, ముద్రణ, టెలిగ్రాఫ్ నేర్పారు. కొండల నుంచి గొట్టాల్లో తాగునీరు తెచ్చారు. 1905లో నీటి శక్తితో కరెంటు దీపాలు వెలిగాయి. అప్పట్లో ఆ దేశంలో మరెక్కడా కరెంటు లేదు.

ఇక్కడ చదువుకున్నవాళ్లకు ఏమైందన్నది అసలు కథ. సొంత ఊళ్లో ఆ పనులకు జీతమిచ్చేవాళ్లు తక్కువ. పైగా వలస ప్రభుత్వం వేసే గుడిసె పన్ను డబ్బు రూపంలోనే కట్టాలి. అందుకని చాలామంది దక్షిణాన ఉన్న దేశాలకు, గనులకూ ఆఫీసులకూ గుమాస్తాలుగా వలసపోయారు. వాళ్లలో క్లెమెంట్స్ కడాలీ ఒకడు. లివింగ్‌స్టోనియాలో టీచరు చదువు పూర్తిచేసిన ఈ కుర్రాడు 1919లో కేప్‌టౌన్‌లో ఐసీయూ (ఇండస్ట్రియల్ అండ్ కమర్షియల్ వర్కర్స్ యూనియన్) అనే కార్మిక సంఘం పెట్టాడు. దక్షిణాఫ్రికాలో నల్లజాతి కార్మికుల మొదటి పెద్ద ఉద్యమం అదే. చదువు చెప్పినవాళ్లు ఊహించని ఫలితం ఇది. నా దృష్టిలో ఆ బడి ఇచ్చిన గొప్ప కానుక కూడా ఇదే.

పనిముట్లు ఇచ్చినంత సులువుగా మిషన్ అధికారం ఇవ్వలేదు. 1875లో మొదలైన లివింగ్‌స్టోనియా మిషన్‌లో మొదటి ఆఫ్రికన్ పాస్టర్ల అభిషేకం 1914లో గానీ జరగలేదు. ఆ ముగ్గురిలో ఒకరైన యెసయా జెరెంజి మ్వాసీ 1933లో బయటికొచ్చి సొంత చర్చి పెట్టుకున్నాడు. ముద్రణ నేర్పి, ఏం ముద్రించాలో మాత్రం తామే నిర్ణయిస్తామంటే ఎంతకాలం సాగుతుంది?

రేడియో కాలంలో ఈ ప్రశ్న ఇంకో రూపంలో ఎదురైంది. లూథరన్ చర్చిల సంఘమైన లూథరన్ ప్రపంచ సమాఖ్య 1963లో అడిస్ అబాబాలో శక్తిమంతమైన రేడియో కేంద్రం నెలకొల్పి, ఆఫ్రికా, ఆసియా భాషల్లో ప్రసారాలు చేసింది. 1977లో ఇథియోపియా సైనిక ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది. అంత పెట్టుబడీ ఒక్కసారిగా చేజారిపోయింది.

మళ్లీ మాచాకు వద్దాం. అక్కడ మిషన్ మొదలుపెట్టింది ఫ్రాన్సెస్ డేవిడ్సన్ అనే అమెరికన్ టీచరు. 1906లో ఆమె అడ్డా ఎంగిల్ అనే మరో మహిళతో కలిసి జాంబేజీ నది దాటి వచ్చింది. తర్వాత 1957లో ఆసుపత్రి వచ్చింది. ఆసుపత్రి పెట్టిన డాక్టర్ ఆల్వన్ తూమా కొడుకు ఫిల్ తూమా కూడా డాక్టరే. ఆయన అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీతో కలిసి అక్కడే మలేరియా పరిశోధన సంస్థను నిలబెట్టాడు. కొత్త మందులు, దోమతెరలు, మంచి నిర్ధారణ పరీక్షలు వచ్చాక ఆసుపత్రిలో మలేరియాతో చేరే పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. పరిశోధనకు బయటి ప్రపంచంతో సంబంధం కావాలి. దానికి ఇంటర్నెట్ కావాలి.

2003లో అక్కడికి వెళ్లిన డచ్ ఇంజినీరు హెర్ట్‌యాన్ వాన్ స్టామ్ 'లింక్‌నెట్' పేరుతో ఆసుపత్రి, పరిశోధన సంస్థ, బడి, ఇళ్లను వైర్‌లెస్‌తో కలిపే పని మొదలుపెట్టాడు. సరుకు రవాణా చేసే కంటైనర్లను ఇంటర్నెట్ కేఫ్‌గా మార్చారు. ఊరి కుర్రాళ్లకూ అమ్మాయిలకూ శిక్షణ ఇచ్చి నెట్‌వర్క్ బాధ్యత అప్పగించారు. బాగుచేయడం కూడా వాళ్ల చేతికే ఇచ్చారు. లివింగ్‌స్టోనియాతో పోలిస్తే ఇది పెద్ద తేడా అని నేననుకుంటాను.

కష్టాలకు కొదవలేదు. కరెంటు పోయేది, పిడుగులకు పరికరాలు కాలిపోయేవి. 2010 ప్రాంతంలో ఉపగ్రహ కనెక్షన్‌కు నెలకు 1,200 డాలర్లు కట్టాల్సి వచ్చేది. అంత కట్టినా గ్యారంటీగా వచ్చే వేగం సెకనుకు 128 కిలోబిట్లు. ఊరంతటికీ అదే. ఒక్క ఫొటో తెరవాలన్నా టెన్షనే.

కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరా పరిశోధకులు ఆ రోజుల్లో మాచా ఇంటర్నెట్ ట్రాఫిక్‌ను పరిశీలించారు. జనం ఎక్కువగా వాడేది ఫేస్‌బుక్ అని తేలింది. మాచాలోనే ఉన్న ఇద్దరు మాట్లాడుకున్నా ఆ మెసేజ్ ఆకాశంలోని ఉపగ్రహం ఎక్కి, వేరే ఖండంలోని సర్వర్ దాకా వెళ్లి, మళ్లీ ఉపగ్రహం మీదుగా పక్కింటికి దిగాల్సిందే. ఆ రానూపోనూ దారికి డబ్బు కట్టేది ఆ పల్లె.

దీనికి విరుగుడుగా ఊళ్లోనే సర్వర్ పెట్టి, స్థానికులు పంచుకునే ఫైళ్లు అక్కడే తిరిగేలా ఆ పరిశోధకులు ఏర్పాట్లు రూపొందించారు. ఊరి స్థాయిలో నడిచే చవకైన సెల్‌ఫోన్ వ్యవస్థకూ ఇదే మాచాను దృష్టిలో పెట్టుకుని నమూనా తయారుచేశారు.