చిలికి చిలికి గాలివాన: క్షమాపణ వెనక ఉన్న లెక్క

ఒక పాఠకురాలి ఉత్తరం నెల రోజులుగా నా బల్ల మీద ఉంది. ఆమె మామగారికీ, ఆయన తమ్ముడికీ పదకొండేళ్లుగా మాటల్లేవు. మొదలైంది ఒక పెళ్లి పిలుపు దగ్గర. కూతురి పెళ్లికి పిలవడానికి మామగారు స్వయంగా తమ్ముడి ఇంటికి వెళ్లారు. పెద్దవాళ్లెవరూ ఇంట్లో లేకపోతే శుభలేఖ పిల్లవాడి చేతికిచ్చి వచ్చారు. ఆ పిల్లవాడు ఆటలో పడి మరిచిపోయాడు. సొంత తమ్ముణ్ణి బొట్టు పెట్టి పిలవలేదని వాళ్లు పెళ్లికి రాలేదు. రాలేదని అన్నగారు తమ్ముడి గృహప్రవేశానికి వెళ్లలేదు. వెళ్లలేదని తమ్ముడు తల్లి సంవత్సరీకం విడిగా పెట్టుకున్నాడు. మధ్యలో ఎవరో చెబితే గ్రహశాంతి కూడా చేయించారట. చివర్లో ఆమె అడిగింది ఇది: “క్షమాపణ చెప్పాలంటే ముందు తప్పు ఎవరిదో తేలాలి కదండీ? తప్పు లేనివాడు చెబితే అలుసైపోడా?”

ఈ ప్రశ్నకు నేను చూసిన జవాబుల్లో నాకు బాగా నచ్చింది గణితంలో ఉంది. అది అర్థం కావడానికి గుప్పెడు చింతపిక్కలు చాలు.

ఆట ఇలా ఆడాలి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకేసారి చేతులు ముందుకు పెట్టాలి. ఒక్కొక్కరూ చెయ్యి చాపవచ్చు, లేదా పిడికిలి బిగించవచ్చు. ఇద్దరూ చాపితే చెరో మూడు పిక్కలు. ఒకరు చాపి, మరొకరు పిడికిలి బిగిస్తే, చాపినవారికి సున్నా, బిగించినవారికి అయిదు. ఇద్దరూ బిగిస్తే చెరొకటి. ఈ లెక్కను పుస్తకాల్లో ఇద్దరు ఖైదీల కథగా చెబుతారు. అది చాలామందికి తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను. ఒక్కసారే ఆడితే పిడికిలి బిగించడమే లాభం. పదేపదే ఆడితే లెక్క మారిపోతుంది.

ఎలా మారుతుందో చూడాలని అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ ఒక పోటీ పెట్టాడు. ఈ ఆట ఆడే కంప్యూటర్ ప్రోగ్రాములు పంపమని పండితులను అడిగాడు. మొదటి పోటీకి 14, రెండోదానికి ఆరు దేశాల నుంచి 62 వచ్చాయి. రెండుసార్లూ గెలిచింది అన్నింటిలోకీ చిన్న ప్రోగ్రామే. మొదట చెయ్యి చాపు, ఆ తర్వాత అవతలివాడు కిందటిసారి ఏం చేశాడో నువ్వూ అదే చెయ్యి: దానికి తెలిసింది ఇంతే. దీన్ని నేను ‘వాయనం పద్ధతి’ అంటాను. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. పంపినవాడు అనతోల్ రాపొపోర్ట్, పియానో వాయిద్యంలో శిక్షణ పొంది గణితంలోకి వచ్చిన మనిషి. తర్వాత టొరంటో విశ్వవిద్యాలయంలో శాంతి అధ్యయనాల ఆచార్యుడయ్యాడు. పోటీ ఫలితాలు 1980లో అచ్చయ్యాయి. న్యాయంగా ఉంటూనే, మోసపోకుండా బతికే దారి దొరికిందని చాలామంది సంబరపడ్డారు.

కానీ ఆ పోటీలో ఎవరి చెయ్యీ పొరపాటున ముడుచుకోలేదు.

కిందటి వేసవిలో మా మేనకోడలినీ, పక్కింటి అబ్బాయినీ వరండాలో కూర్చోబెట్టి వాయనం పద్ధతిలోనే ఆడమన్నాను. అయిదు ఆటలు చక్కగా సాగాయి, చెరో పదిహేను పిక్కలు. ఆరో ఆటలో మేనకోడలి అరచేతిని దోమ కుట్టింది. చటుక్కున పిడికిలి బిగిసింది. నియమం నియమమే కాబట్టి ఆమెకు అయిదు, అబ్బాయికి సున్నా. ఏడో ఆటలో ఆమె చెయ్యి చాపింది, అబ్బాయి బదులుగా పిడికిలి బిగించాడు. ఎనిమిదిలో అబ్బాయి చాపాడు, ఆమె బిగించింది. తొమ్మిదిలో మళ్లీ తిరగబడింది. ఇద్దరూ నియమం తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు, పిల్లలిద్దరి ముఖాలూ ఎర్రబడుతున్నాయి. “అత్తా, దోమ కుట్టింది కదా, అది లెక్కలోకి రాదు కదా!” అంది మేనకోడలు. అబ్బాయి తన ముందున్న ఖాళీ జాగా చూపించాడు. అతనికి దోమ కనబడలేదు, సున్నా మాత్రమే కనబడింది.

ఇక్కడ కాస్త లెక్క చూడాలి, విసుక్కోకండి. వంతులవారీగా అయిదు, సున్నా వస్తే సగటు రెండున్నర. మూడు రావలసిన చోట అర పిక్క నష్టం. ఈ స్థితిలో రెండో పొరపాటు జరిగితే? బిగించవలసినవాడు పొరపాటున చాపితే మళ్లీ స్నేహం. చాపవలసినవాడు పొరపాటున బిగిస్తే ఇద్దరివీ పిడికిళ్లే, ఇక చెరొక పిక్క. రెండింటికీ అవకాశం సమానం. ఇలా అరుదుగా పొరపాట్లు జరుగుతూ ఆట చాలాకాలం నడిస్తే, పావు వంతు కాలం స్నేహంలో, సగం కాలం వంతులవారీ కక్షలో, మిగిలిన పావు వంతు పూర్తి వైరంలో గడుస్తుంది. సగటు 2.25. బొమ్మా బొరుసూ వేసి, ఆలోచించకుండా ఆడినా సరిగ్గా ఇంతే వస్తుంది! నూటికో వెయ్యికో ఒక్క పొరపాటు చాలు, అంత తెలివైన పద్ధతి బొమ్మాబొరుసు స్థాయికి పడిపోవడానికి. చిలికి చిలికి గాలివాన కావడం అంటే ఏమిటో నాకు ఈ అంకె చూశాకే అర్థమైంది.

దీనికి మందు కనిపెట్టినవాడు రాబర్ట్ సగ్డెన్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త. 1986లో రాసిన పుస్తకంలో ఆయన వాయనం పద్ధతికి ఒక సవరణ చేశాడు. నేను దాన్ని ‘లెంపల పద్ధతి’ అంటాను. అకారణంగా పిడికిలి బిగించినవాడు బాకీపడతాడు. ఆ బాకీ తీరేదాకా అవతలివాడు బిగించే పిడికిలి న్యాయమైనదే, దానికి బదులు తీర్చుకోకూడదు. బాకీదారు చెయ్యి చాపి, సున్నా తీసుకుని, తర్వాత కూడా చాపాలి. అంతటితో బాకీ రద్దు.

పిల్లలతో మళ్లీ ఆడించాను. ఆరో ఆటలో దోమ కుట్టినట్టు నటించమన్నాను. మేనకోడలికి అయిదు, అబ్బాయికి సున్నా. ఏడులో ఆమె చాపింది, అతను బిగించాడు. ఆమెకు సున్నా, అతనికి అయిదు. ఎనిమిదో ఆట దగ్గర ఆమె చెయ్యి వెనకే ఆగిపోయింది. ఇప్పుడే దెబ్బ తిన్న చెయ్యి అది. పెదవి కొరుక్కుని, మెల్లగా చాపింది. అతనూ చాపాడు. చెరో మూడు. పొరపాటు జరిగిన రెండు ఆటల్లో ఇద్దరికీ చెరో అయిదు వచ్చాయి, ఆరు రావలసిన చోట. మొత్తం గొడవ ఖరీదు మనిషికి ఒక్క చింతపిక్క! ఆ ఎనిమిదో ఆటలో చాచిన చెయ్యే క్షమాపణ. “సారీ” అనే మాట ఆ చేతికి పెట్టిన పేరు.

అందుకే ఉత్త మాటను ఎవరూ నమ్మరు. ఏ నష్టమూ లేకుండా చెప్పగలిగిన మాటను మోసగాడూ చెప్పగలడు. జపాన్‌లో ఒహ్‌త్సుబో, వతనబే అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, క్షమాపణ చెప్పేవాడు దానికోసం ఏదైనా నష్టం భరించినప్పుడు అవతలివారు అందులో ఎక్కువ చిత్తశుద్ధి చూశారని తేలింది. లెంపలు వేసుకోవడం, గుంజీలు తీయడం ఊరికే పుట్టలేదు. అయితే మనం ఆ లెంపలు ఎక్కడ వేసుకుంటున్నాం? దేవుడి పటం ముందు. మనసు నొప్పించింది ఒక మనిషిని, బాకీ తీర్చేది హుండీలో. ఆ బాకీ అలా తీరదు. ఆ అన్నదమ్ముల మధ్య ఏ గ్రహమూ అడ్డు రాలేదు. గ్రహాలకు చేయించిన శాంతి వాళ్ల గడప దాకా రాలేదు. బళ్లో కొట్టుకున్న పిల్లలిద్దరినీ నిలబెట్టి “ఇద్దరూ సారీ చెప్పుకోండి” అనే ఉపాధ్యాయుల మీద కూడా నాకు ఇదే ఫిర్యాదు. ఎవరు ఎవరికి ఏం బాకీయో అడగకుండా సారీ అనిపిస్తే, పిల్లలు నేర్చుకునేది తప్పించుకునే మంత్రమే.

దేశాల మధ్య కూడా ఈ లెక్కే నడుస్తుంది. 1970 డిసెంబరు 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సాలో, యూదుల తిరుగుబాటు స్మారకం ముందు పుష్పగుచ్ఛం ఉంచి, తడి నేల మీద మోకాళ్లపై కూలబడ్డాడు. ఆయన స్వయంగా నాజీలను ఎదిరించి దేశం విడిచి వెళ్లిన మనిషి. అయినా దేశం బాకీని నెత్తిన వేసుకున్నాడు. జర్మనీలో ఒక వారపత్రిక సర్వే చేస్తే 48 శాతం మంది అది అతి అన్నారు, 41 శాతం సబబే అన్నారు. సొంత ప్రజల్లో అంతమంది మెచ్చని పని కాబట్టే పోలండ్ వైపు దానికి విలువ వచ్చింది. పోలండ్ సరిహద్దును ఒప్పుకునే ఒప్పందం మీద సంతకాలు అదే రోజు జరిగాయి. మరుసటి ఏడాది బ్రాంట్‌కు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

జలియన్‌వాలాబాగ్ సంగతి చూడండి. బ్రిటిష్ ప్రభుత్వ లెక్క ప్రకారమే అక్కడ 379 మంది చనిపోయారు. నూరేళ్లు నిండిన 2019 ఏప్రిల్‌లో ప్రధాని థెరిసా మే పార్లమెంటులో తీవ్ర విచారం వ్యక్తం చేశారు. ఆమె చెప్పింది ‘విచారం’, ‘క్షమాపణ’ కాదు. తెలుగు ఆ తేడాను బాగా పట్టుకుంటుంది. విచారపడితే ఆట చెడిందన్నమాట. క్షమాపణ కోరితే బాకీ నాదన్నమాట.

అలుసైపోతామన్న భయం సంగతి కూడా చెప్పాలి. ఆక్సెల్‌రాడ్ పనిచేసిన మిషిగన్ విశ్వవిద్యాలయానికే పెద్ద వైద్య వ్యవస్థ ఉంది. 2001 నుంచి అక్కడ వైద్యంలో పొరపాటు జరిగితే దాచకుండా చెప్పడం, క్షమాపణ కోరడం, తగిన పరిహారం ఇవ్వడం మొదలుపెట్టారు. కేసులు వెల్లువెత్తుతాయని అనుకోవచ్చు. లక్ష చికిత్సా సందర్భాలకు నెలకు సగటున 2.13గా ఉన్న దావాలు 0.75కు తగ్గాయి. క్షమాపణ ఒక్కటే అందుకు కారణమని అనలేం, పరిహారమూ ఉంది. పెరగలేదన్నది మాత్రం ఖాయం.

ఇది నేర్చుకోగలిగిన విద్య అని కోతులు కూడా చెప్పాయి. డచ్ శాస్త్రవేత్త ఫ్రాన్స్ డి వాల్, పోట్లాడుకున్న చింపాంజీలు కాసేపటికి ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి ముద్దు పెట్టుకోవడం, కౌగిలించుకోవడం గమనించి 1979లో ప్రచురించాడు. రీసస్ కోతులు మాత్రం రాజీకి త్వరగా రావు. వాటి పిల్లలను, రాజీపడే గుణం బాగా ఉన్న పొట్టితోక కోతులతో కలిపి అయిదు నెలలు పెంచారు. రీసస్ పిల్లల్లో రాజీలు దాదాపు మూడింతలయ్యాయి. పొట్టితోక కోతులను తీసేశాక కూడా ఆ అలవాటు నిలిచింది. 1993లో అచ్చయిన ఈ ప్రయోగం గురించి ఎప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక అన్నదమ్ముల దగ్గరకు వస్తాను. వాళ్లది దోమ కథ కాదు. పిల్లల మధ్య దుప్పటి కట్టి, ఎవరు ఏం చేశారో నేనే రెండోవారికి చెప్పేలా మరో ఆట పెట్టాను. ఒకసారి మేనకోడలు చెయ్యి చాపితే, అబ్బాయికి “పిడికిలి” అని అబద్ధం చెప్పాను. ఇద్దరూ లెంపల పద్ధతిలోనే ఉన్నారు. అబ్బాయి లెక్కలో ఆమె బాకీ, కాబట్టి న్యాయంగా బిగించాడు. ఆమె లెక్కలో తను ఏ తప్పూ చేయలేదు, అతనే అకారణంగా బిగించాడు, కాబట్టి తర్వాతి ఆటలో ఆమె బిగించింది. అతని లెక్కలో అప్పటికే బాకీ తీరిపోయింది, కాబట్టి అతను చాపి సున్నా తిన్నాడు. అంతే, వంతులవారీ కక్ష మళ్లీ మొదలై ఇక ఆగలేదు. “నేను చెయ్యే చాపాను!” అని దుప్పటి వెనక నుంచి ఏడుపు గొంతు. వాయనం పద్ధతిలో వచ్చిన చిక్కే లెంపల పద్ధతిలోనూ వచ్చింది. ఇక్కడ ఇద్దరూ ధర్మాత్ములే, అయినా ఒకరి తర్వాత ఒకరికి సున్నాలే. తప్పు ఎవరిదో తేలితేనే చెబుతాననే క్షమాపణ పనిచేయని చోటు ఇదే. శుభలేఖ మరిచిపోయిన పిల్లవాడు ఆ దుప్పటి.

ఈ రకం చిక్కుముడికి మార్టిన్ నొవాక్, కార్ల్ సిగ్మండ్ అనే గణితవేత్తలు 1992లో మరో లెక్క వేశారు. అవతల పిడికిలి కనబడినా, అప్పుడప్పుడు లెక్క అడగకుండా చెయ్యి చాపాలి. ఎంత తరచుగా? మన చింతపిక్కల లెక్క ప్రకారం మూడింట ఒకసారి. అంతకు మించితే మోసగాడికి అదే జీవనాధారమైపోతుంది, అలుసు అనే భయం నిజమయ్యేది అక్కడే. బాగా తక్కువైతే ముడి విడదు. ఏ వంతులో చాపుతామో ముందుగా తెలియకూడదు కూడా. పదకొండేళ్లలో ఆ అన్నదమ్ములకు ఎన్ని పండుగలు, ఎన్ని సంవత్సరీకాలు వచ్చి వెళ్లాయో! తప్పు తన మీద వేసుకోనక్కరలేదు. “పిలుపు నీకు అందలేదట, నాకు తెలియలేదు. ఆ బాధ పెట్టినందుకు క్షమించు” అంటూ తాంబూలంతో గడప తొక్కితే చాలు. మొదటిసారి తలుపు తెరుచుకోకపోవచ్చు. ఒక సున్నా వస్తుంది.

ఉత్తరానికి జవాబు రాసి, పోస్టు చేయడానికి బస్సెక్కాను. కిక్కిరిసి ఉంది. మలుపులో అందరం ఒకరి మీద ఒకరు పడ్డాం. కింద కాళ్లు కాళ్లకు తగిలాయి, ఎవరివి ఎవరికో తెలియలేదు. నేను వంగి పక్కనున్న పెద్దావిడ చెయ్యి తాకి కళ్లకద్దుకునేలోపే, ఆవిడ నా భుజం తాకి కళ్లకద్దుకుంది.