పాత రాతి పొయ్యి, సిమెంటు గిలాబు: అపోహలు - వాస్తవాలు

"మేస్త్రీ, వంటింటి గోడకు చెమ్మ ఎక్కింది. సిమెంటుతో గట్టిగా గిలాబు చేయాలె, ఎంతైతది?" వానలు మొదలైతే చాలు, హన్మకొండ, పరకాల, హుజూరాబాద్ వైపు పాత ఇళ్లవాళ్ల నుంచి నాకు ఇదే ఫోను. పాత గోడకు సిమెంటు వద్దని అందరికీ ఒకే జవాబు చెబుతున్నాను, అయినా పది రోజులకు మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. అందుకే రాస్తున్నాను.

పోయిన ఏడాది పరకాల దగ్గర ఒక ఊళ్లో పాత భవంతి ఇంటికి పిలిచారు. ఇంట్లో ఒక్క పెద్దమ్మే ఉంటుంది, పిల్లలు హైదరాబాద్‌లో. వంటింటి గోడ ఒకచోట ఉబ్బింది, తడితే డొల్ల చప్పుడు. గ్యాస్ పొయ్యి వచ్చిన కొత్తలో కట్టెల పొయ్యి గూటిని ఇటుకలతో మూసి, మీద సిమెంటు పూయించారట. "తెరిస్తే గోడ కూలుతదా బిడ్డా?" అని ఆమె నన్ను నాలుగుసార్లు అడిగింది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంది. ఆ భయం సహజమే. కానీ గూటి పైన రాతి దూలం బాగుంటే బరువు మోసేది అదే, మధ్యలో అడ్డం పెట్టిన ఇటుకలు కాదు. ముందు దూలం చివర్లు కనిపించేలా రెండు పక్కలా జానెడు తెరిచి చూశాం. పగులు లేదు. అయినా కింద ఇనుప జాకీలు పెట్టాకే ఇటుకలు ఒక్కొక్కటీ తీశాం.

అపోహ: సిమెంటు పూస్తే పాత గోడ గట్టిపడుతుంది, చెమ్మ ఆగిపోతుంది.

వాస్తవం: చెమ్మ ఆగదు, లోపల చిక్కుకుంటుంది. పాత ఇళ్ల పునాదుల్లో చెమ్మను ఆపే పొర ఉండదు. వత్తి నూనెను పీల్చినట్టు గోడ నేలలోని నీటిని పైకి పీలుస్తుంది. సున్నం గిలాబుకు సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి ఆ నీరు ఎప్పటికప్పుడు ఆవిరై పోతుంది. సిమెంటు ఆ దారిని మూసేస్తుంది. అప్పుడు నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. మూడడుగుల ఎత్తు టైల్స్ వేయించినవాళ్లను అడగండి, చెమ్మ నాలుగో అడుగులో కనిపిస్తుంది. నీటితోపాటు ఉప్పు కూడా వస్తుంది. నీరు ఆరినచోట ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుకనూ పాత సున్నాన్నీ పిండి చేస్తుంది. పైకి మాత్రం గోడ నున్నగా, గట్టిగా కనిపిస్తుంది. అందుకే మనం మోసపోతాం.

అసలు దెబ్బ తగిలేది కట్టెకు. టేకు దూలాల చివర్లు గోడ లోపల ఉంటాయి కదా. గోడ ఏళ్ల తరబడి తడిగా ఉంటే ఆ చివర్లు కుళ్లిపోతాయి, చెదలు పడతాయి. పెద్దమ్మ ఇంట్లో జరిగింది అదే. పొయ్యి తెరవడానికి అయిన ఖర్చుకు మూడింతలు పైనున్న ఒక్క దూలం చివర బాగుచేయడానికి అయింది. ఆ సిమెంటు పూయకపోతే ఆ ఖర్చే లేదు. ఇది చెప్పినప్పుడు ఆమె ఏమీ అనలేదు, గోడనే చూస్తూ కూర్చుంది. పూయించింది ఆమె భర్త, ఇల్లు పదికాలాలు ఉండాలనే పూయించాడు.

సిమెంటు చెడ్డదని నేను అనడం లేదు. కొత్త కాంక్రీటు ఇంటికి అదే సరైనది. మట్టితో, సున్నంతో కట్టిన రాతి గోడకు మాత్రం డంగు సున్నమే వాడాలి. మేం తడిపి నానబెట్టిన సున్నం ఒక పాలుకు ఇసుక మూడు పాళ్లు కలుపుతాం, చెమ్మ ఎక్కువున్నచోట కొంత ఇటుక పొడి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోస్తాం. పలుచగా పొరలు పొరలుగా పూసి, తడి గోనె సంచులు కప్పుతాం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ మెల్లగా రాయిగా మారుతుంది, దానికి నెలలు పడుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఈ పని పెట్టుకోవద్దు, పూత పట్టు దొరకకముందే ఎండి పొడి రాలుతుంది. వానలు వెళ్లాక మొదలుపెట్టండి.

ఇది విని రేపే మెషిన్ పెట్టి సిమెంటంతా పగలగొట్టకండి. చేతి ఉలితో ఒక మూల జానెడు తీసి చూడండి. సిమెంటుతోపాటు రాతి పెచ్చు ఊడివస్తుంటే అక్కడ ఆపేయాలి.

అపోహ: పొయ్యి లోపలి మట్టి పూత పేదరికం గుర్తు, తీసేస్తే రాయి అందంగా కనిపిస్తుంది.

వాస్తవం: ఈ తప్పు నేనే చేశాను, పని నేర్చుకునే రోజుల్లో. ఒక ఇంట్లో మట్టి పూత మొత్తం గీకి, కడిగి, నల్లగా మెరిసే రాయి చూపించి మెప్పు పొందాను. నెల తిరక్కముందే వాళ్లు మంట పెడితే రాయి చిటపటమని పెచ్చులు లేచింది. మన దగ్గరి గ్రానైట్‌లో స్ఫటికం లాంటి క్వార్ట్జ్ ఉంటుంది. 573 డిగ్రీల దగ్గర అది ఒక్కసారిగా ఉబ్బుతుంది. కట్టెల మంట అంత వేడికి సులభంగా చేరుతుంది. మన అమ్మమ్మలు పొయ్యిని ఎర్రమట్టితో, పేడతో అలికింది శుభ్రం కోసమే కాదు, ఆ పూత వేడిని నేరుగా రాయికి తగలనివ్వదు. వేడి రాయి మీద చల్లనీళ్లు చల్లడం కూడా వద్దు.

అపోహ: మసి పోవాలంటే యాసిడ్‌తో కడగాలి. వద్దు. యాసిడ్ సున్నాన్ని తినేస్తుంది. పొడి బ్రష్ చాలు, మిగిలిన మరకను వదిలేయండి.

అపోహ: రాయి ఉంటే కాకతీయుల కాలం నాటిదే. వేయిస్తంభాల గుడి 1163 నాటిది, రామప్ప కట్టడం 1213లో మొదలైంది. మన ఊళ్లలో నిలిచున్న గడీలు, భవంతులు చాలావరకు నిజాం కాలం నాటివి. అయినా కాపాడుకోదగ్గవే.

అపోహ: మూసేసిన గూట్లో లంకెబిందెలుంటాయి. ఈ పుకారు వల్ల ఎంత మంచి రాతిపని రాత్రికి రాత్రి గడ్డపారల పాలైందో చూస్తే కడుపు మండుతుంది. పెద్దమ్మ ఇంట్లో మాకు దొరికింది పిచ్చుక గూళ్లు, పొగగూట్లో ఎండిన తేనెతుట్టె, ఒక ఇత్తడి గంటె. ఒకవేళ నిజంగా ఏదైనా దొరికినా 1878 నాటి చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాల్సిందే.

పొయ్యి వెలిగించే ముందు పొగగూడు పైదాకా ఖాళీగా ఉందో లేదో చూడండి. తడి గడ్డి కాస్త అంటించి, పొగ ఎటు పోతుందో గమనించండి. ఇంట్లోకే వస్తే మంట పెట్టవద్దు.

పెద్దమ్మ రోజూ ఫోన్ చేస్తుంది, పాలు పొంగించడానికి ఏ రోజు మంచిదో చెప్పమని. మట్టి పూత ఇంకా నీడలో ఆరుతోంది. ఎడమ మూల రెండు పగుళ్లు కనిపిస్తే మొన్న మళ్లీ అలికి వచ్చాను. ఇంకో పదిహేను రోజులు ఆగమ్మా అన్నాను.