పాత ల్యాప్‌టాప్ మీద కేడీఈ ప్లాస్మా: అపోహలు - వాస్తవాలు

అనంతపురం టవర్ క్లాక్‌కు కొద్ది దూరంలో ఉన్న మా రిపేరు అంగడికి వచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలా భాగం బెంగళూరు సరుకే. అక్కడి కంపెనీలు కొన్నేళ్లు లీజుకు వాడుకుని తిరిగిచ్చిన యంత్రాలు ఎస్.పి. రోడ్డు అంగళ్లలో చేతులు మారి, 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా ఇక్కడి విద్యార్థులకు, ట్యూషన్ మాస్టర్లకు, చిన్న వ్యాపారులకు చేరుతాయి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసినప్పటి నుంచి వీటిని ఏం చేయాలని అడిగేవారు ఎక్కువయ్యారు. ఇష్టపడినవారికి విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, దాని మీద కేడీఈ బృందం తయారు చేసే ప్లాస్మా అనే డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్‌ను పెట్టి ఇస్తున్నాను. డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటే విండోలు, ప్యానెల్, మెనూ, సెట్టింగులు అన్నీ కలిసిన పైపొర. ప్లాస్మా ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది; దానికి వెల కూడా లేదు. ఎవరి అలవాటుకు తగ్గట్టు వారు మార్చుకోవచ్చు. అయితే దీని గురించి మా బల్ల దగ్గర వినిపించే మాటల్లో పొరపాటువే ఎక్కువ.

అపోహ: “విండోస్ 11 ఎక్కని ల్యాప్‌టాప్ పాత సామాన్లవాడికి వేయడానికే పనికొస్తుంది.”

వాస్తవం: విండోస్ 11 అడిగేది వేగం ఒక్కటే కాదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ ఉండాలని నిబంధన. ఆ గీతకు ఇవతల ఆగిపోయిన ఆరో తరం ఐ5 యంత్రం 8 జీబీ ర్యామ్‌తో ఈనాటి పనులన్నీ హాయిగా చేయగలదు, లైనక్స్‌కు ఆ నిబంధన లేదు. నిజంగా కాలం చెల్లినవి 32 బిట్ ప్రాసెసర్ల యంత్రాలే; తొలితరం ఆటమ్ నెట్‌బుక్‌లలో కొన్ని అలాంటివి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 (లైనక్స్‌లో ఒక రకం) కూడా 32 బిట్ యంత్రాలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.

అపోహ: “ప్లాస్మా బరువు. పాత యంత్రానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్ తప్ప మరొకటి వేయకూడదు.”

ఈ మాట గాలిలోంచి పుట్టలేదు. 2008 జనవరిలో ప్లాస్మా తొలి రూపంతో కేడీఈ 4.0 వచ్చినప్పుడు దాన్ని వాడినవారు ఎవరూ ఆ రోజులను మరచిపోలేదు. అది సగం కాలిన ఇటుకలా ఉండేది: ప్యానెల్ ఉన్నట్టుండి కూలిపోయేది, కంప్యూటర్లలో 512 ఎంబీ, 1 జీబీ ర్యామ్ మాత్రమే ఉన్న కాలంలో దానికది చాలేది కాదు. అప్పుడు పడిన పేరు ఇప్పటికీ పోలేదు. 2014 జులైలో ప్లాస్మా 5, 2024 ఫిబ్రవరి 28న ప్లాస్మా 6 వచ్చాయి; మధ్యలో కేడీఈ బృందం మెమరీ వినియోగాన్ని తగ్గించే పని ఏళ్ల తరబడి చేసింది.

మా బల్ల మీద మూడో తరం ఐ5, 4 జీబీ ర్యామ్ ఉన్న ఒకే ల్యాప్‌టాప్‌లో రెండింటినీ పెట్టి చూశాను. లాగిన్ అయి, ఏమీ తెరవకుండా రెండు నిమిషాలు వదిలేస్తే ఎక్స్‌ఎఫ్‌సీఈ 650 ఎంబీ దగ్గర, ప్లాస్మా 950 ఎంబీ దగ్గర నిలిచాయి. తేడా సుమారు 300 ఎంబీ. ఆ తరువాత బ్రౌజర్ తెరిచి ఒక యూట్యూబ్ వీడియో, ఒక మెయిలు, ఒక వార్తా పత్రిక సైటు పెడితే రెండింటిలోనూ 1 జీబీకి పైగా అదనంగా ఖర్చయింది. అంటే మనం డెస్క్‌టాప్‌లో ఆదా చేశామనుకున్నది బ్రౌజర్‌లో రెండు ట్యాబ్‌లకు సరిపోతుంది, అంతే. కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: ఖాళీగా ఉన్న ర్యామ్‌ను లైనక్స్ డిస్క్ క్యాష్ కోసం వాడుకుంటుంది, అడిగిన వెంటనే వదిలేస్తుంది. కనుక చూడవలసింది ‘ఫ్రీ’ అన్న అంకె కాదు, ‘అవైలబుల్’ అన్న అంకె. ఈ రెండింటినీ కలగాపులగం చేసి ప్లాస్మా ర్యామంతా మింగేసిందని చెప్పేవారిని చాలామందిని చూశాను.

అలాగని ఎక్స్‌ఎఫ్‌సీఈని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. 2 జీబీ ర్యామ్ దాటని యంత్రానికి నేనూ దాన్నే పెడతాను. పాత ఎన్విడియా చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లదీ అదే దారి. వాటి పాత డ్రైవర్లు కొత్త కెర్నల్ (లైనక్స్ మూల భాగం)తోనూ, తెర మీద విండోలను గీసే కొత్త పద్ధతి అయిన వేలాండ్‌తోనూ సరిగా పొసగవు. ప్లాస్మానేమో వేలాండ్‌కు ముందున్న పాత పద్ధతి ఎక్స్11 సెషన్‌ను 6.8 వెర్షన్‌తో వదిలేస్తున్నట్టు 2025 నవంబరులో ప్రకటించింది. ఇంటెల్ గ్రాఫిక్స్ మాత్రమే ఉన్న యంత్రాలకు ఈ బాధ లేదు. 4 జీబీ ఉంటే ప్లాస్మా పెట్టి, మూడు మార్పులు చేసి ఇస్తాను: డెస్క్‌టాప్ ఎఫెక్ట్స్‌లో బ్లర్ తీసేయడం, యానిమేషన్ వేగాన్ని చివరిదాకా జరపడం, ఫైల్ సెర్చ్‌లో ఫైళ్ల లోపలి విషయాన్ని కాకుండా పేర్లను మాత్రమే సూచీ చేయమనడం. ఈ మూడోది చాలామందికి తెలియదు. తిరిగే హార్డ్‌డిస్క్ మీద వేల కొద్దీ పీడీఎఫ్‌లు ఉన్న విద్యార్థి యంత్రంలో బాలూ అనే సూచీ ప్రోగ్రాము మొదటి రోజంతా డిస్క్‌ను గీకుతూనే ఉంటుంది, నింద మాత్రం ప్లాస్మా మొత్తం మీద పడుతుంది.

అపోహ: “తేలికపాటి డెస్క్‌టాప్ వేస్తే పాత ల్యాప్‌టాప్ కొత్తదైపోతుంది.”

గత వేసవిలో ఒక వేరుశనగ వ్యాపారి కుమారుడు ల్యాప్‌టాప్ తెచ్చి, “అన్నా, ఏం నొక్కినా గిర్రున తిరుగుతా ఉంటుంది గానీ తెరుచుకోదు, ఏదన్నా తేలిక లైనక్స్ వేసియ్యి” అన్నాడు. అప్పటికే ఎవరో అందులో తేలిక లైనక్స్ వేసే ఉన్నారు. అడుగు మూత విప్పి చూస్తే, ఫ్యాను గాలి బయటికి పోయే రాగి రెక్కల మీద మన ఎర్రమట్టి దుమ్ము, బట్టల నూగు కలిసి దూదిపొరలా అతుక్కుని ఉంది. పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా ఊడి వచ్చింది. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలింది. వేడి హద్దు దాటగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, రేకుల కప్పు కింద, పరుపు మీద పెట్టి వాడే యంత్రానికి ఏ డెస్క్‌టాప్ వేసినా జరిగేది అదే. శుభ్రం చేసి కొత్త పేస్ట్ రాశాక, పని భారం మీద 96 డిగ్రీలు చూపిన ప్రాసెసర్ 74 దగ్గర నిలిచింది.

రెండో దోషి హార్డ్‌డిస్క్. ఆ కాలపు ల్యాప్‌టాప్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5,400 సార్లు తిరిగేవి. చిన్న చిన్న ఫైళ్లను చెల్లాచెదురు చోట్ల నుంచి ఏరుకొచ్చే పనిలో అవి తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీతో ఏ మాత్రం పోటీ పడలేవు, డెస్క్‌టాప్ లోడు కావడమంటే సరిగ్గా ఆ పనే. ఆ అబ్బాయి యంత్రంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ వేసి ప్లాస్మా పెట్టాను. రెండు నిమిషాల దాకా పట్టిన బూటింగ్ అర నిమిషం లోపే ముగిసింది, అదీ “బరువైన” డెస్క్‌టాప్‌తో. మూడోది ర్యామ్. మదర్‌బోర్డు మీద రెండో స్లాటు ఖాళీగా ఉంటే అంతకంటే అదృష్టం లేదు. ర్యామ్ పెంచే వీలు లేనప్పుడు జీర్యామ్‌ను ఆన్ చేస్తాను: అది ర్యామ్‌లో ఎక్కువసేపు ముట్టుకోని భాగాలను డిస్క్‌కు తోసేయకుండా, ర్యామ్‌లోనే కుదించి పెడుతుంది. ఫెడోరా అనే లైనక్స్ రకంలో 2020 అక్టోబరు నాటి 33వ వెర్షన్ నుంచి ఇది ముందే ఉంటుంది; మిగిలిన కొన్నింట్లో మనం పెట్టుకోవాలి. అంగడికి వచ్చినవారికి డబ్బు ఎక్కడ పెట్టాలో నేను చెప్పే వరుస ఇదే: ముందు దుమ్ము, తరువాత డిస్క్, ఆ తరువాత ర్యామ్. డెస్క్‌టాప్‌కు ఎలాగూ డబ్బు పెట్టక్కర్లేదు కాబట్టి, దాన్ని నచ్చినదాన్ని బట్టి ఎంచుకోవచ్చు.

అపోహ: “పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూశాను, నత్తనడక నడిచింది. ఎక్కిస్తే ఇంకెంత నెమ్మదో!”

వాస్తవం: లైవ్ పెన్‌డ్రైవ్‌తో వేగాన్ని అంచనా వేయడం ఎడ్లబండి కట్టి ఎద్దు పరుగును కొలిచినట్టే. అక్కడ సర్వస్వం పెన్‌డ్రైవ్ నుంచే చదవాలి, రాసేదంతా ర్యామ్‌లోనే ఉంచుకోవాలి. లైవ్ సెషన్‌లో చూడవలసినవి వేరు: వైఫై పట్టుకుంటుందా, స్పీకరూ మైకూ పలుకుతున్నాయా, వెలుతురు పెంచే తగ్గించే మీటలు పనిచేస్తున్నాయా, టచ్‌ప్యాడ్‌పై రెండు వేళ్లతో జరిపితే పేజీ కదులుతుందా, అన్నిటికీ మించి మూత వేసి తీస్తే యంత్రం నిద్ర లేస్తుందా. ఈ చివరి పరీక్షలో తప్పిన యంత్రాన్ని నేను ఆ కాన్ఫిగరేషన్‌తో ఎవరికీ ఇవ్వను. పాత ల్యాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉంటే మొదట నెట్‌వర్కులే కనిపించకపోవచ్చు. దానికి కంగారు అక్కర్లేదు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేసి, ఆ నెట్‌తో డ్రైవరు దింపుకోవచ్చు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే చాలా ఫర్మ్‌వేర్లు (వైఫై వంటి చిప్‌లను నడిపే చిన్న ప్రోగ్రాములు) కలిపి ఇస్తున్నారు కనుక ఈ బెడద కొంత తగ్గింది.

అపోహ: “డెస్క్‌టాప్ మార్చాలంటే మళ్లీ ఫార్మాట్ చేయాలి.”

అక్కర్లేదు. ఒకే లైనక్స్‌లో రెండు డెస్క్‌టాప్‌లు పెట్టుకుని, లాగిన్ తెర మీద ఏది కావాలో ఎంచుకోవచ్చు. అయితే మూడు నాలుగు పోగు చేస్తే మెనూలో సెట్టింగులు, ఫైల్ మేనేజర్లు, టెర్మినళ్లు జంటలు జంటలుగా పేరుకుని అక్షరాలా సంతలా తయారవుతుంది.

అపోహ: “మార్చుకోవచ్చంటే ఏది దొరికితే అది పెట్టుకోవచ్చు, చెడితే తీసేస్తే సరి.”

ప్లాస్మాలో నాకు అన్నిటికంటే నచ్చేదీ, అన్నిటికంటే పని పెట్టేదీ ఈ మార్పుల వ్యవహారమే. ప్యానెల్‌ను ఎడమ అంచుకు నెట్టవచ్చు. చిన్న తెరల మీద నిలువు స్థలం మిగులుతుంది కనుక 1366 బై 768 తెర ఉన్నవారికి నేనే అలా చేసి ఇస్తాను. ఒక్కో విండోకు ఒక్కో నియమం రాయవచ్చు, మీటల షార్ట్‌కట్లన్నీ మార్చవచ్చు. ఇవన్నీ సెట్టింగులలో ఉన్నవే, వీటితో ప్రమాదం లేదు.

ప్రమాదమంతా బయటి నుంచి దింపుకునే గ్లోబల్ థీమ్‌లతోనే. అవి రంగులు, బొమ్మల మూట మాత్రమే అనుకుంటాం. నిజానికి వాటిలో కోడ్ కూడా ఉంటుంది, అది మన పేరు మీదే నడుస్తుంది. 2024 మార్చిలో కేడీఈ స్టోర్ నుంచి ఒక గ్లోబల్ థీమ్ దింపుకున్న వినియోగదారుడి ఫైళ్లు మొత్తం చెరిగిపోయాయి. దురుద్దేశంతో కాదు, అందులోని స్క్రిప్టులో ఉన్న తప్పు వల్ల. కేడీఈ బృందం అప్పుడు బహిరంగంగా హెచ్చరిక చేసింది. రంగుల పట్టిక, మామూలు బొమ్మ వాల్‌పేపర్ వంటివాటితో ఆ భయం లేదు.

ఒక ఇంజినీరింగ్ విద్యార్థి నా దగ్గరికి తెచ్చిన యంత్రంలో తెర మీద ఏమీ లేదు: ప్యానెల్ లేదు, మెనూ లేదు, నల్లటి తెర మీద బాణం గుర్తు ఒక్కటే తిరుగుతోంది. రెండు డాక్‌లు, ఐదారు విడ్జెట్లు, ఒకదాని మీద ఒకటి మూడు థీమ్‌లు పెట్టి, ఒక రాత్రి మొత్తం తీసేయబోయి ప్యానెల్‌నూ తీసేశానన్నాడు. అందులో చెడిపోయింది ఒక్క ఫైలే. ప్యానెళ్లు, విడ్జెట్ల వివరాలన్నీ హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్‌లో, పేరు చివర యాప్లెట్స్‌ఆర్‌సీ అని ఉండే ఫైలులో ఉంటాయి. డాల్ఫిన్ అనే ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాగినవి కనిపిస్తాయి. ఆ ఫైలును పక్కకు జరిపి మళ్లీ లాగిన్ కాగానే మొదటి రోజు ప్యానెల్ తిరిగి వచ్చింది. అప్పటి నుంచి యంత్రం ఇచ్చేటప్పుడే ‘ప్రయోగం’ అనే పేరుతో రెండో యూజర్ ఖాతా తెరిచి ఇస్తున్నాను. ఆటలన్నీ అక్కడ ఆడుకోమని, నచ్చిన మార్పును మాత్రమే అసలు ఖాతాలోకి తెచ్చుకోమని చెబుతున్నాను. ఆ రెండో ఖాతా కూడా గ్లోబల్ థీమ్‌ను ఆపలేని చోట బ్యాకప్ మాత్రమే కాపాడుతుంది.

అపోహ: “ఊరికే వచ్చేది నాసిరకంగానే ఉంటుంది.”

వాస్తవం: కేడీఈని జర్మనీ విద్యార్థి మత్థియాస్ ఎట్రిచ్ 1996 అక్టోబరు 14న ప్రకటించారు, 29 ఏళ్ల తరువాత విండోస్ 10కు మద్దతు ఆగినదీ అక్టోబరు 14నే కావడం తమాషా. కేడీఈ వారి కేహెచ్‌టీఎంఎల్ అనే బ్రౌజర్ ఇంజన్ నుంచే ఆపిల్ వెబ్‌కిట్‌ను తయారు చేసింది, దాని నుంచి గూగుల్ 2013లో బ్లింక్‌ను వేరు చేసింది. ఇప్పుడు క్రోమ్ నడుస్తున్నది దాని మీదే. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ కంప్యూటర్ డెస్క్‌టాప్ మోడ్ కూడా ప్లాస్మానే.

అపోహ: “లైనక్స్‌లో తెలుగు సరిగా రాదు.”

యూనికోడ్ తెలుగు ఒత్తులతో సహా చక్కగా కనిపిస్తుంది. డబ్బాలు కనిపిస్తే నోటో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ పెట్టలేదని అర్థం. టైపింగ్‌కు కీబోర్డు సెట్టింగులలోనే ఇన్‌స్క్రిప్ట్ తరహా లేఅవుట్‌తో పాటు కగప, సరళ లేఅవుట్లూ ఉన్నాయి. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టే అలవాటు ఉన్నవారికి ఎఫ్‌సీఐటీఎక్స్ 5 అనే టైపింగ్ ప్రోగ్రాము పెట్టి, వేలాండ్‌లో అయితే వర్చువల్ కీబోర్డు సెట్టింగులో దాన్నే ఎంచుకోవాలి. ఈ ఒక్క మెట్టు తప్పినందుకే తెలుగు రావడం లేదని వచ్చినవారు నలుగురైదుగురు ఉన్నారు. ప్లాస్మా మెనూల తెలుగు అనువాదం మాత్రం అసంపూర్ణంగా ఉంది. సగం తెలుగు, సగం ఇంగ్లిషు చూసి చిరాకు పడేకంటే మెనూలను ఇంగ్లిషులో ఉంచి, తెలుగు రాసుకోవడమే నయం.

అపోహ: “విండోస్‌లో చేసేవన్నీ ఇందులో చేసుకోవచ్చు.”

ఈ మాట చెప్పేది కొనేవారు కాదు, నాలాంటి లైనక్స్ అభిమానులే. అందుకే ఇది ఎక్కువ చేటు చేస్తుంది. ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు చేసే డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో పనిచేస్తున్నాయి. ఆ ఫైళ్లలో ఉన్నది యూనికోడ్ కాదు, వాటిని టైపు చేసే కీబోర్డు ప్రోగ్రాము విండోస్‌ది. ట్యాలీలో లెక్కలు రాసే గుమాస్తాకూ, వేలిముద్ర పరికరంతో పని ఉన్న సేవాకేంద్రానికీ విండోసే కావాలి. అలాంటివారు లైనక్స్ అడిగినా నేను వెయ్యను. మా వీధిలోని డీటీపీ ఆపరేటర్‌కు పాత విండోస్ 10 యంత్రాన్ని అలాగే ఉంచి, నెట్ కేబుల్ పీకేసి, వైఫై ఆపేశాను. కస్టమర్లు మెయిలులో పంపే ఫొటోలు, మ్యాటరు దింపుకోవడానికి పక్కనే ప్లాస్మా ఉన్న రెండో ల్యాప్‌టాప్ పెట్టాను. రెండింటి మధ్య ఒక పెన్‌డ్రైవ్ తిరుగుతూ ఉంటుంది.